పద్యం పాడేవాళ్లం ఉన్నాం, హార్మోనియం వాయించేవాళ్లు కావాలి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సాంస్కృతిక శాఖల మంత్రులకు నమస్కారం.

కోస్తాలో ఒక చిన్న పట్టణంలోని ఔత్సాహిక నాటక సమాజం తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను. మాలో ఎవరికీ నాటకం బతుకుతెరువు కాదు. ఒకరు బడిపంతులు, ఒకరు బీమా ఏజెంటు, ఒకాయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు, ఒకరిది మందుల షాపు. ఇద్దరు టీచరమ్మలున్నారు, ఇంజనీరింగ్ చదివే ఇద్దరు కుర్రాళ్లున్నారు. వారానికోసారి కలిసి పద్యాలు పాడుకుంటాం. ఏటా ఒక సాయంత్రం ఊరి ముందు పాడతాం.

పూర్తి పద్యనాటకం ఆడే స్తోమత మాకు లేదు. కిరీటాలు, భుజకీర్తులు, పరదాలు, మేకప్ మనిషి, లైట్లు అన్నీ కాంట్రాక్టరు దగ్గర కుదుర్చుకోవాలి. తెల్లవార్లూ కూర్చుని చూసే తీరిక కూడా పట్టణాల్లో ఎవరికీ లేదు. అందుకే రంగస్థల పద్యాల సాయంత్రం చేస్తున్నాం. వేషాలుండవు. ఎవరి బట్టల్లో వాళ్లం నిలబడి, సీను ఏమిటో నాలుగు మాటల్లో చెప్పి, పద్యాలు పాడతాం. రాయబారంలో పడక సీను, హరిశ్చంద్రలో కాటి సీను, గయోపాఖ్యానంలో కృష్ణార్జునుల యుద్ధం సీను, తులాభారంలో సత్యభామ పాటలు. మూడు గంటల్లో ముగుస్తుంది. ముసలివాళ్లు మనవల చేయి పట్టుకుని వస్తారు. ఒక్కోసారి కుర్చీలు చాలవు.

ఈసారి ఆ సాయంత్రం ఆగిపోయినంత పనైంది. పాడేవాళ్లున్నారు, వినేవాళ్లున్నారు, హాలు కూడా కుదిరింది. హార్మోనిస్టు దొరకలేదు. ఏళ్ల తరబడి మాకు వాయించిన పెద్దాయనకు వేళ్లు వంగడం మానేశాయి. పక్క జిల్లాల్లో వాకబు చేస్తే దొరికిన పేర్లన్నీ అరవై దాటినవాళ్లవే. తిరునాళ్ల రోజులు కావడంతో వాళ్లంతా ముందే ఒప్పుకున్న నాటకాల్లో ఉన్నారు. చివరికి ఒకాయన రాత్రంతా ఇంకో ఊళ్లో వాయించి, నిద్రలేకుండా బస్సెక్కి వచ్చి మా సాయంత్రం నిలబెట్టారు. ఆయన తర్వాత ఆ హార్మోనియం పెట్టె ముందు ఎవరు కూర్చుంటారని అడిగితే, తన దగ్గర నేర్చుకునేవాళ్లు ఎవరూ లేరన్నారు. ఆ జవాబు వల్లే మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

పద్యనాటకం గురించి మాట్లాడినప్పుడల్లా మనం నటుల పేర్లే చెప్పుకుంటాం. చెప్పుకోవలసినవే. తెలుగు నాటకానికి పద్యాన్నీ పాటనూ అలవాటు చేసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు బళ్లారిలో వకీలు. ఆయన పెట్టిన సరసవినోదిని సభ ఔత్సాహికుల సమాజం. అదే ఊళ్లో సుమనోరమ సభ నడిపిన కోలాచలం శ్రీనివాసరావు గారూ వకీలే. బళ్లారి రాఘవ గారు వకీలు. ఏలూరులో కృష్ణ వేషానికి పేరుపడ్డ బందా కనకలింగేశ్వరరావు గారు వకీలు. పగలు కోర్టులో వాదించి రాత్రి కిరీటం పెట్టుకున్న ఈ మనుషులే మన రంగస్థలానికి పునాది వేశారు. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో తెనాలిలో పుట్టిందంటే దాని వెనక ఇలాంటి ఊరూరి సమాజాల బలం ఉంది. సురభి వారి సంగతి వేరు. అక్కడ కుటుంబాలకు కుటుంబాలే నాటకం మీద బతికాయి, పిల్లలు పరదా వెనకే పెరిగారు, పెట్టె వాయించడం ఇంట్లోనే అబ్బింది. మాకు అలాంటి ఇల్లు లేదు. బయటినుంచి హార్మోనిస్టు రాకపోతే మేం నోరు విప్పలేం.

ఎందుకు విప్పలేమో చెప్పాలి. నాటకం దగ్గరగా చూడనివాళ్లకు హార్మోనియం అంటే వెనకాల ఏదో మోగుతూ ఉండేదనే అభిప్రాయం ఉంది.

పద్యానికి తాళం ఉండదు. గణాలుంటాయి, యతిప్రాసలుంటాయి, ఛందస్సు నడక ఉంటుంది. తబలా మీద లెక్కపెట్టే ఆవర్తం మాత్రం ఉండదు. ఏ మాట మీద నిలవాలో, ఎక్కడ పరుగెత్తాలో, రాగం ఎంతసేపు తీయాలో ఆ పూట పాడేవాడి గొంతూ ఊపిరీ చెబుతాయి, ఎదురుగా కూర్చున్న జనం చెబుతారు. పాటకైతే తబలా తోడుంటుంది. పద్యానికి హార్మోనిస్టు ఒక్కడే తోడు. అతను పాడేవాడి నోటివంక చూస్తూ, అర క్షణం వెనకగా నడుస్తాడు. పాదం అయిపోగానే ఆ రాగం చెదరకుండా నాలుగు స్వరాలు వేసి తర్వాతి పాదానికి చోటు చేస్తాడు. మాట మరిచిపోతే ఆ స్వరాలనే సాగదీస్తూ గుర్తొచ్చేదాకా కాపాడతాడు. ముందు వరసలో ఉన్నవాళ్లు కూడా ఆ తడబాటు కనిపెట్టలేరు.

సీసపద్యం చూడండి. నాలుగు పెద్ద పాదాలు, కింద ఎత్తుగీతిగా ఆటవెలదో తేటగీతో. మాలాంటివాళ్లకు నాలుగో పాదం దాటేసరికి ఊపిరి అయిపోతుంది. అసలు బరువంతా ఉన్నది ఎత్తుగీతిలో. అక్కడ గొంతు లేవకపోతే పద్యం అంతా వృథా. నాలుగో పాదం చివర పాడేవాడి భుజం కొంచెం వంగగానే హార్మోనిస్టుకు తెలిసిపోతుంది. బెల్లోసు కాస్త గట్టిగా నొక్కి, పై స్థాయిలో ఒక చిన్న సంచారం వేసి, అతనికి రెండు ఊపిరుల వ్యవధి ఇస్తాడు. జనం ఆ సంచారానికి చప్పట్లు కొడతారు. పాడేవాడు తేరుకుని ఎత్తుగీతి అందుకుంటాడు. ఇది ఏ పుస్తకంలోనూ రాసి లేదు. ఒక మనిషి పక్కన ఏళ్లకేళ్లు కూర్చుంటే వచ్చే విద్య.

శ్రుతి సంగతి మరీ కష్టం. మైకులు లేని రోజుల్లో ఆఖరి వరసకు వినిపించాలంటే నటులు పై శ్రుతిలో పాడక తప్పేది కాదు. ఆ అలవాటు ఇంకా పోలేదు. పడక సీనులో కృష్ణుడు, అర్జునుడు, దుర్యోధనుడు ఒకరి తర్వాత ఒకరు పద్యాలు అందుకుంటారు. మా కృష్ణుడిది నాలుగు శ్రుతి. దుర్యోధనుడు రెండు దాటలేడు. అర్జునుడి పద్యాలు మా సమాజంలో ఒక టీచరమ్మ పాడుతుంది, ఆమెది ఐదున్నర. సంభాషణ నడుస్తుండగానే ముగ్గురికీ మూడు శ్రుతులు అందాలి, మారినట్టు వినేవాళ్లకు తెలియకూడదు. దుర్యోధనుడి మాట పూర్తవుతుండగా అర్జునుడి ఆధారషడ్జం ఎక్కడినుంచో వచ్చినట్టు వినిపిస్తుంది. ఆమె దాన్ని పట్టుకుని లేస్తుంది.

కీబోర్డులో ఒక మీట నొక్కితే శ్రుతి మారిపోతుంది కదా అని కుర్రాళ్లు అడుగుతారు. మారుతుంది. కీబోర్డు మీద పద్యం వెంట నడవగలిగేవాడు ఎవరైనా ఉంటే అతన్నీ కళ్లకద్దుకుంటాం. మా భయం ట్రాకుల మీద. ముందే రికార్డు చేసిన ట్రాకు పెట్టి పద్యం పాడటం ఇప్పుడు మన ఊళ్లలోనూ ఉంది, విదేశాల్లో మనవాళ్ల వేడుకల్లోనూ ఉంది. అక్కడ హార్మోనిస్టు దొరకడు, వాళ్లను తప్పుపట్టను. కానీ ట్రాకు ఎవరికోసమూ ఆగదు. ఎవరో ఎప్పుడో రాగం తీసిన వ్యవధిలోనే నేనూ తీయాలి, వాళ్లు ఆగినచోటే ఆగాలి. కాటి సీనులో ఒక తల్లి కళ్లు తుడుచుకుంటుంటే ఆమె కోసం ఒక మాట మీద ఇంకాస్త నిలబడే స్వేచ్ఛ ఉండదు. అలా పాడిన పద్యం ఎంత శ్రుతిశుద్ధంగా ఉన్నా, ఆ పూట ఆ జనానికి పాడిన పద్యం కాదు.

కాటి సీను మాట వచ్చింది కనుక ఒక సంగతి చెప్పనివ్వండి. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి హరిశ్చంద్రలో ఆ సీనుకు గుర్రం జాషువా గారి శ్మశానవాటి పద్యాలు వచ్చి చేరాయి. అవి నాటకకర్త రాసినవి కావు, ఖండకావ్యంలోవి. నటులు తెచ్చుకుని పాడారు, జనం ఇక వదలలేదు. వినుకొండలో పుట్టి, కులం పేరుతో అడుగడుగునా అవమానాలు పడ్డ కవి ఆయన. ఆయన్ను పక్కన కూర్చోనివ్వని ఊళ్లు ఆయన పద్యాలకోసం అర్ధరాత్రి దాకా మేలుకుని కూర్చున్నాయి. మన పద్యనాటకం చేసిన గొప్ప పనుల్లో నా లెక్కలో ఇదే మొదటిది. మా సాయంత్రాల్లో ఆ పద్యాలు మొదలుకాగానే హాల్లో పిల్లల అలికిడి కూడా ఆగిపోతుంది. తులాభారంలో స్థానం నరసింహారావు గారు సత్యభామ కోసం తామే పాట రాసుకుని పాడినట్టే, మన రంగస్థలం పద్యాలనూ పాటలనూ ఇలా కలుపుకుంటూ పెరిగింది. ఇలా వచ్చి చేరిన ప్రతి పద్యానికీ ఒక రాగం కుదిరింది, ఒక వరస నిలిచింది. ఆ వరసల్లో చాలావాటిని కుదిర్చినవాళ్లు పెట్టె దగ్గర కూర్చున్న మనుషులే. వాళ్ల పేర్లు చాలా కరపత్రాల్లో అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి, కొన్నింటిలో అవీ ఉండవు. వయసు మళ్లాక కళాకారుల పింఛను అడగడానికి వెళితే చేతిలో చూపించుకోవడానికి ఏముంటుంది?

హార్మోనియానికి ఈ చిన్నచూపు కొత్తది కాదు. పారిస్‌లో పుట్టి, కలకత్తాలో చేతిపెట్టెగా మారి మన దగ్గరికి వచ్చిన ఈ వాయిద్యాన్ని ఆలిండియా రేడియో 1940లో నిషేధించింది. 1971 దాకా ఆ నిషేధం తొలగలేదు. గమకం పలకదు, స్వరానికీ స్వరానికీ మధ్య జారుడు రాదు, పరాయి వాయిద్యం అని కారణాలు చెప్పారు. విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది. ఆ కేంద్రం పద్యాన్ని ఇంటింటికీ తీసుకెళ్లింది, ఆ రుణం తీరేది కాదు. కానీ ఊరూరా స్టేజీ మీద ఆ పద్యాన్ని మోసిన పెట్టెకు మాత్రం రెండు దశాబ్దాలకు పైగా స్టూడియోలో చోటు లేకపోయింది. సంగీత పండితులు చెప్పింది అబద్ధమని నేననను. హార్మోనియం గమకం పలకదు. స్టేజీ మీద దాని పని కూడా అది కాదు. గమకం పాడేవాడి గొంతులో పలుకుతుంది. ఆ గొంతు ఎటు వెళ్లినా తిరిగి రావడానికి శ్రుతిని నిలబెట్టి ఉంచడం, నాలుగు వందలమంది గోల మీదుగా దాన్ని పాడేవాడి చెవికి చేర్చడం హార్మోనియం పని. దానికి ఇంతకన్నా నమ్మకమైన వాయిద్యం మన పల్లెల్లో ఏదీ కుదరలేదు.

పద్యాన్ని వెనకేసుకొచ్చే ఎవరైనా బళ్లారి రాఘవ గారికి జవాబు చెప్పుకోవాలి. పద్యాన్ని రాగాలతో లాగి లాగి సీనును చంపడం ఆయన సహించలేదు. నటన, మాట, భావం ముందు ఉండాలన్నారు. ఆడ వేషాలు ఆడవాళ్లే వేయాలని పట్టుబట్టారు. రెండిట్లోనూ ఆయన మాటే నిలిచింది. మా సాయంత్రాల్లో వన్స్‌మోర్‌లకు ఒప్పుకోం. భావం మోయగలిగినంత రాగమే తీస్తాం. ఆ పొదుపు పాటించాలన్నా మంచి హార్మోనిస్టే కావాలి. అనుభవం లేనివాడు పాడేవాడికి అనవసరమైన స్వరాలు అందించి ఇంకా లాగమని ఉసిగొల్పుతాడు. తెలిసినవాడు పద్యం అయిపోయిందని పాడేవాడికన్నా ముందు గ్రహించి చేతులు తీసేస్తాడు.

ఇక మీ చేతుల్లో ఉన్న పనులు.

రెండు రాష్ట్రాల్లో ప్రభుత్వ సంగీత కళాశాలలున్నాయి. వాటిల్లో రంగస్థల హార్మోనియం కోసమే ఒక కోర్సు పెట్టండి. రాగాలు వాయించడం నేర్పితే సరిపోదు. పాడేవాణ్ణి ఎదురుగా నిలబెట్టి, పద్యం వెంట నడవడం, శ్రుతులు మార్చడం, ఛందస్సు నడక, ఏ సీనుకు ఏ రాగం ఎందుకు కుదిరింది అన్నవి నేర్పాలి. నేర్పడానికి ఇప్పుడు వాయిస్తున్న పెద్దలనే పిలవండి. వాళ్లలో చాలామందికి డిగ్రీలుండవు. డిగ్రీ అడిగితే ఈ కోర్సుకు గురువు దొరకడు. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి అధ్యక్షుడిగా ఎవరిని కూర్చోబెట్టారు? జనం మధ్య గజ్జె కట్టి హరికథ చెప్పిన ఆదిభట్ల నారాయణదాసు గారిని. ఆ సంప్రదాయం మనదే.

కళాశాలకు రాలేని పెద్దలుంటారు. వాళ్ల ఊళ్లోనే ఒక్కో పెద్దాయన దగ్గర ఒక్కో కుర్రవాణ్ణి, లేదా అమ్మాయిని పెట్టి, ఇద్దరికీ నెలనెలా కొంత భృతి ఇవ్వండి. తిరునాళ్ల రోజుల్లో ఆ శిష్యుడు గురువు వెంట ఊరూరా తిరగాలి. ఇది గదిలో పూర్తయ్యే చదువు కాదు. ఆడపిల్లలను కూడా ఈ పెట్టె ముందు కూర్చోబెట్టాలని ప్రత్యేకంగా కోరుతున్నాను. రాఘవ గారి పట్టుదలతో స్టేజీ ముందుకు వచ్చిన ఆడవాళ్లు స్టేజీ పక్కకు ఇంకా రాలేదు.

మూడోది రికార్డింగు, దీనికి ఇక వ్యవధి లేదు. ఉన్న పాత రికార్డుల్లో నటుడి గొంతు వినిపిస్తుంది, హార్మోనియం దూరంగా ఎక్కడో ఉంటుంది. నేర్చుకోదలచినవాడికి అది పనికిరాదు. ఇప్పుడు చేసేటప్పుడు గొంతు ఒక మైకులో, పెట్టె ఇంకో మైకులో, విడివిడిగా తీయండి. వాయించేవాడి వేళ్ల మీద ఒక కెమెరా పెట్టండి. ఏ వరస ఎవరి దగ్గర నేర్చుకున్నారో వాళ్లచేతే చెప్పించండి. ఈ పనికి పెద్ద స్టూడియో అక్కరలేదు, మా ఊరి గ్రంథాలయం హాలు చాలు. వాటిని అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టండి.

నంది నాటకోత్సవాల్లోనూ, ప్రభుత్వం సాయం చేసే పరిషత్తుల్లోనూ పద్యనాటకానికి బహుమతి ఇచ్చేటప్పుడు హార్మోనిస్టును పేరుపెట్టి పిలవండి, నటుడి పక్కన నిలబెట్టండి. ప్రభుత్వ హాళ్లలో టికెట్టు లేకుండా జరిపే ఔత్సాహికుల కార్యక్రమాలకు పనిదినాల్లో అద్దె తగ్గించండి. పింఛను దరఖాస్తులో హార్మోనిస్టుకు సాక్ష్యంగా నాటక సమాజాలు ఇచ్చే ఉత్తరాన్ని అంగీకరించండి. ఇవి ఒక్కో జీవోతో అయ్యే పనులు.

ఈ ఉత్తరం చదువుతున్న ఊరూరి సమాజాల మిత్రులకూ ఒక మాట. మీ కరపత్రంలో హార్మోనిస్టు పేరు కృష్ణుడి పేరంత అక్షరాల్లో వేయండి. పెట్టెను ఓ మూలకు నెట్టకుండా జనానికి కనిపించేచోట పెట్టండి. పారితోషికం కార్యక్రమం మొదలవకముందే చేతిలో పెట్టండి. వీటికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కరలేదు.

మంత్రులకు చివరి మనవి. కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజు ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతున్నాం. ఆ రోజున దండలు, ప్రసంగాలతో పాటు ప్రతి జిల్లా కేంద్రంలో స్థానిక ఔత్సాహికుల చేత ఒక పద్యాల సాయంత్రం పెట్టించండి. రాబోయే ఏప్రిల్ 16 లోపల రెండు రాష్ట్రాల్లో కనీసం ఒక్కొక్క కళాశాలలో రంగస్థల హార్మోనియం కోర్సు మొదలుపెట్టండి. పిల్లలు రారేమోనన్న సందేహం వద్దు. మా సమాజంలో ఇంజనీరింగ్ చదివే ఇద్దరిలో ఒకడు గురువు కోసం వెతుక్కుంటున్నాడు. అతని దరఖాస్తు మీకు మొదటి రోజే అందుతుంది.

ఇట్లు,
ఒక ఔత్సాహిక నాటక సమాజం కార్యదర్శి